సభలో నాన్న పేరు పిలిచినప్పుడు

పోయిన నెల భువనేశ్వర్ నుంచి ఒక కుర్రాడు విశాఖపట్నంలో మా ఇంటికి వచ్చాడు. మర్యాదస్తుడు. చెప్పులు గేటు దగ్గరే విప్పేసి, కాలిపోతున్న సిమెంటు మీద గంతులేసుకుంటూ వరండాలోకి వచ్చి, నేను కూర్చోమనేదాకా నిలబడే ఉన్నాడు. ఒరిస్సా కొత్త రాష్ట్రంగా ఏర్పడినప్పుడు మొట్టమొదటి శాసనసభలో కూర్చున్నవాళ్ళ గురించి పరిశోధన చేస్తున్నాడట. వాళ్ళలో మా నాన్న ఒకడు. బరంపురంలో పట్టుబట్టల వర్తకుడు, తెలుగువాడు, ఒకసారి గెలిచి ఇంకోసారి ఓడిన మెంబరు. ఆయన కూతురు బతికే ఉంది, తెలుగులో ఏవో రాస్తూ ఉంటుంది అని ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చాడు. నన్ను పిన్నీ అని పిలిచినట్టు 'మావుసీ' అంటూ ఒడియాలోనే మాట్లాడాడు. చాలా కాలం తర్వాత ఆ భాష నోటికి తగిలేసరికి నాకూ హాయిగా అనిపించింది.

"మావుసీ, మీ నాన్నగారు ఎవరి పక్షం? తెలుగువాళ్ళ పక్షమా, ఒడియావాళ్ళ పక్షమా?" అని అడిగాడు.

"నోరు తెరవని పక్షం బాబూ" అన్నాను. అది నేను ఎన్నో ఏళ్ళుగా చెబుతున్న జవాబు. మా వీధిలో తెలుగు ఆడపిల్లల బడి ఉండేది. దాంట్లో పై తరగతులు తీసెయ్యాలన్న విషయం అప్పటి రాజధాని కటకంలో సభ ముందుకు వచ్చింది. తియ్యనివ్వను, లేచి అడ్డుపడతాను అని నాన్న ఊరందరికీ మాట ఇచ్చాడు. తీరా సమయం వచ్చేసరికి నోరు మెదపకుండా కూర్చున్నాడు. బరంపురంలో అందరికీ తెలిసిన సంగతి ఇదే. నాకు తెలిసిందీ ఇదే.

ఆ అబ్బాయి నవ్వలేదు. సంచిలోంచి ఒక జిరాక్సు కాగితం తీసి నా ముందు పెట్టి, వేలితో ఒక వరస చూపించాడు. "ఆ రోజు సభలో జరిగినది ఇది. మీ నాన్నగారి పేరు రెండుసార్లు పిలిచారు. ఆయన అసలు సభకే రాలేదు మావుసీ." కళ్ళజోడు మార్చుకుని చదివాను. నిజమే. సభ్యుడు తన స్థానంలో లేడు అని రాసి, ఆ కిందనే ఇంకేదో చెరువుల సంగతి మొదలైంది. ఉండి మాట్లాడని మనిషి మీద కోపం పెంచుకోవడం నాకు అలవాటైపోయింది. లేని మనిషిని ఏం చెయ్యాలి? వెళ్ళకపోవడం ఇంకా పెద్ద తప్పా, చిన్న తప్పా? అతను వెళ్ళిపోయాక కూడా ఆ కాగితం పట్టుకుని అన్నం వేళ దాటేదాకా అక్కడే కూర్చున్నాను.

మా చిన్నప్పుడు అన్నీ అలాగే తికమకగా ఉండేవి. మా ఇల్లు బరంపురం పెద్ద బజారు వెనక వీధిలో ఉండేది. ముందు గదిలో కొట్టు, వెనక మేము. కొట్టులోంచి కొత్త పట్టు వాసన, దానిలో పెట్టే వేపాకుల వాసన లోపలి దాకా వచ్చేవి. వంటింటి మూల నానమ్మ తరవాణి కుండ. ఆ పుల్లటి వాసన, ఎండబెట్టిన అప్పడాల్లో ఇంగువ వాసన, పెరట్లో పేడ వాసన అన్నీ కలిసి మా ఇంటి వాసన. తెల్లవారగానే నానమ్మ కుండలోంచి తరవాణి అన్నం తీసి ఉల్లిపాయ నంజుకుని తినేది. పక్కింటి ఒడియా ముసలమ్మ అదే సమయానికి తన పొఖాళొ గిన్నె తెచ్చుకుని గట్టు మీద కూర్చునేది. ఇద్దరిదీ నీళ్ళ అన్నమే. ఆవిడ ఒడియాలో మాట్లాడితే మా నానమ్మ తెలుగులో జవాబు చెప్పేది. ఏళ్ళ తరబడి అలాగే సాగింది. ఒకరి భాష ఒకరు నేర్చుకోవాలని ఇద్దరికీ తోచలేదు.

ఒక రోజు కొట్టు మూసి వచ్చి నాన్న చెప్పాడు, ఇకనుంచి మనం మద్రాసు కింద లేము, ఒరిస్సాలో ఉన్నాము అని. నానమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చేట పక్కన పెట్టి అడిగింది.

"ఇల్లు మారలేదు, ఈది మారలేదు. మరి మనల్ని ఎవులెత్తి ఒరిస్సాలో ఎట్టినారురా?"

"గీత గీసినారమ్మా."

"ఏ గీత? ఎక్కడ గీసినారు? నాకు సూపించు, దాటి సూస్తాను."

నానమ్మ పుట్టిల్లు ఇచ్ఛాపురం. పొద్దున్న బండి కడితే మధ్యాహ్నానికి చేరిపోయే ఊరు. అది మద్రాసులోనే ఉండిపోయింది. తన తమ్ముడు పరాయి రాష్ట్రం వాడైపోయాడని ఆవిడకు ఎప్పటికీ నమ్మకం కుదరలేదు. నాకూ కుదరలేదు. రైలు అదే, పోస్టు జవాను అతనే, తమ్ముడుతాత తెచ్చే పనసతొనలూ అవే. కానీ మా బడికి వచ్చే ఇనస్పెక్టరు మాత్రం మారిపోయాడు.

ఊరిని ఒరిస్సాలో కలపవద్దని మద్రాసుకు పంపిన అర్జీలో మొదటి సంతకాల్లో నాన్నది ఒకటి. కలిపేశాక ఆ నాన్నే, "అయిపోనాది. ఇంక ఇక్కడే బతకాల, ఇక్కడే మాటాడాల" అని కటకం సభకు ఎన్నికల్లో నిలబడ్డాడు. తెలుగువాళ్ళలో సగం మంది అది ద్రోహం అన్నారు. ఒడియావాళ్ళలో సగం మంది వీడికి ఇక్కడేం పని అన్నారు. మిగిలిన రెండు సగాలూ కలిసి ఓటేసినట్టున్నారు, గెలిచాడు. గెలిచిన మర్నాటినుంచి మా ఇల్లు మాది కాకుండా పోయింది. నేను పళ్ళపొడి చేత్తో పట్టుకుని వచ్చేసరికే అరుగు నిండా మనుషులు. అస్కా నుంచి చెరకు రైతులు, పొడంపేట నుంచి వలలు పోయిన జాలర్లు, ఇంటి గోడ తగువులవాళ్ళు. అమ్మకు పొయ్యి ఆర్పడానికి ఉండేది కాదు. ఇంట్లో నాన్న దొరికేది అన్నం దగ్గరే. అన్నం కలుపుతూ కూడా మెడ తిప్పి అరుగువైపు చూసేవాడు.

ఆయన ఎక్కువగా పట్టించుకున్నది టీకాల గురించి. అప్పట్లో ఏటేటా మశూచి వచ్చేది. దాన్ని రోగం అనేవారు కాదు, అమ్మవారు పోసింది అనేవారు. నాన్న వీధి వీధికీ తిరిగి, పిల్లలకు టీకాలు వేయించండి, ఇంట్లో అమ్మవారు పోస్తే దాచకండి, మునిసిపాలిటీకి చెప్పండి అని గొంతు పోయేలా చెప్పేవాడు. చెబితే వాళ్ళు వచ్చి ఊరవతల పాకలోకి తీసుకుపోతారని అందరికీ భయం. నాన్న అలా చెబుతున్న సమయంలోనే, టీకాల డాక్టరు మా వీధికి వస్తే నానమ్మ నన్ను ధాన్యం గాదె వెనక కూర్చోబెట్టి, పైన గోనెసంచి కప్పి, "పిల్ల ఇచ్ఛాపురం ఎల్లిందండి" అని చెప్పి పంపేసింది. మెంబరుగారి తల్లి అబద్ధమాడుతుందని డాక్టరు ఎందుకు అనుకుంటాడు? గోనెసంచి దుమ్ముకు తుమ్ము వచ్చినా ఆపుకున్నాను. అదొక ఆట అనుకున్నాను.

ఇక బడి సంగతి. మా వీధి చివర రెండు గదుల పెంకుటిల్లు. అయిదో తరగతి దాకా తెలుగులో చెప్పేవారు. ఇద్దరు పంతులమ్మల్లో ఒకరు సుందరమ్మగారు, ఇచ్ఛాపురం మనిషి, చిన్నతనంలోనే భర్త పోయి, చదువుకుని, ఈ బడిలో చేరి ఒంటరిగా బతికేది. నాకు అప్పటికి తొమ్మిదేళ్ళు ఉంటాయేమో. నాకు ఆవిడంటే ప్రాణం. ఆవిడ బల్ల మీద నల్లద్రాక్ష రంగు సిరాబుడ్డి ఉండేది, నాలుగో తరగతికి వస్తే ఆ సిరాతో రాయనిచ్చేది. నేను మూడులో ఉన్నాను. పిల్లలు తక్కువమంది ఉన్నారు కాబట్టి నాలుగు, అయిదు తీసేసి, ఆ పిల్లల్ని అవతలి వీధి ఒడియా బడిలో కలపాలని పైనుంచి కబురు వచ్చింది. సుందరమ్మగారు మా అరుగు మీదకు వచ్చి నాన్నతో ఒకే మాట అంది. "బాబూ, మీరు లేసి ఒక్క మాట సెప్పండి. తరవాత పోతే పోనీండి." నాన్న చెబుతానన్నాడు. మేమందరం విన్నాం.

చెప్పడానికి ఆయన పడ్డ పాట్లు ఇప్పటికీ చెప్పుకోదగ్గవి. నాన్నకు బేరాల ఒడియా బాగా వచ్చు. సభలో మాట్లాడే ఒడియా వేరు. ఇంగ్లీషు అంతంత మాత్రం. అందుకని స్నేహితుడు దీనబంధు బాబును పిలిపించాడు. ఆయన ఒడియా మాస్టారు, పక్క వీధిలోనే ఉండేవాడు, పాన్ నమలకుండా ఒక్క వాక్యం కూడా పలికేవాడు కాదు. ఇద్దరూ కలిసి ఉపన్యాసం తయారు చేశారు. నాన్నకు ఒడియా అక్షరాలు రావు కాబట్టి ఆ ఒడియా మాటలన్నీ తెలుగు అక్షరాల్లో రాసుకున్నాడు. రోజూ పొద్దున్నే డాబా మీద పచార్లు చేస్తూ, 'మాననీయొ సభాపతి మొహోదయ' అని మొదలుపెట్టేవాడు. దీనబంధు బాబు కింద పెరట్లోంచి, "గొంతు పెంచండి, గొంతు పెంచండి, చీర అమ్ముతున్నారా?" అని అరిచేవాడు. పదిరోజులు తిరక్కుండా ఆ ఉపన్యాసం ఇంటిల్లిపాదికీ నోటికి వచ్చేసింది. ఒడియా ముక్క రాని నానమ్మ కూడా బియ్యం ఏరుకుంటూ సభాపతిని పిలిచేది. నాన్న చెల్లెలు రాజత్తకు అప్పుడు పదహారేళ్ళు, అచ్చం నాన్నలాగే ఉత్తరీయం సర్దుకుంటూ నటించి చూపిస్తే అమ్మ నవ్వలేక కూలబడిపోయేది. నాకు మాత్రం అది నవ్వులాట కాదు. మా నాన్న ఆ మాటలు అంటాడు, నేను ఆ సిరాతో రాస్తాను. నా లెక్కలో ఆ రెండూ ఒకటే.

ఆ తర్వాత నాకు అమ్మవారు పోసింది. నాన్న అప్పటికే కటకం వెళ్ళిపోయాడు. ఊరికి తెలియకూడదని వాకిట్లో వేపమండ కట్టలేదు, ఇంట్లోనే వెనక గదిలో నన్ను పడుకోబెట్టి తలుపులు మూసేశారు. పిల్ల ఇచ్ఛాపురం వెళ్ళిందని మళ్ళీ అదే మాట వీధిలో చెప్పారు. నాకు జ్ఞాపకమున్నది తక్కువ. మొహం వాచి కళ్ళు మూసుకుపోయాయి, ఎన్ని రోజులో తెలీదు. పసుపూ వేపా కలిపిన వాసన, చల్లటి అరిటాకు వీపుకు అంటుకోవడం, ఎవరెవరివో గొంతులు. నెల దాటాక లేచి, ఇచ్ఛాపురంలో ఆటలమ్మ పోసిందని చెప్పమంటే సరేనని, గడ్డం మీద మచ్చలతో బడికి వెళ్ళేసరికి నాలుగు, అయిదు తరగతుల బల్లలు బండికెక్కిస్తున్నారు. సుందరమ్మగారు గుమ్మంలో నిలబడి చూస్తోంది. నా గడ్డం వంక చూసి, మళ్ళీ బండివైపు తిరిగింది.

"మీ నాన్న నోరు మెదపలేదటే" అని నా పక్కన కూర్చునే పిల్ల చెప్పింది. వాళ్ళ నాన్నకు ఎవరో చెప్పారట. ఆ వారంలోనే ఆ మాట బజారంతా అయిపోయింది. ఎందుకు మెదపలేదన్నదానికి ఎవరి కథ వాళ్ళు చెప్పారు. మంత్రి దగ్గర ఏదో పదవి ఇస్తామన్నారని కొందరు. ఇంగ్లీషు చదువులవాళ్ళ మధ్య కాళ్ళు వణికాయని కొందరు. దీనబంధు బాబు మాత్రం, "మూడో తరగతి వరకు ఉంచారు కదా, అది మీ నాన్న లోపల్లోపల మాట్లాడి సాధించిందే" అని నాకు చెప్పి, నన్ను ఒప్పించినట్టు తల ఊపాడు. నేను అమ్మను అడిగితే "పనుంది పో" అంది. నానమ్మను అడిగితే జపమాల తీసింది. చివరికి నాన్ననే అడిగాను. కటకం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. "మాటాడలేకపోనాను సిట్టీ" అన్నాడు. అంతే. ఆ ఉపన్యాసం మొత్తం నాకు నోటికి వచ్చు. ఈయనకు రాకపోవడం ఏమిటి అని నాకు ఒళ్ళు మండింది.

ఆ వేసవిలో ఠాకురాణి యాత్ర వచ్చింది. రెండేళ్ళకోసారి అమ్మవారు పుట్టింటికి వచ్చినట్టు ఊళ్ళోకి వస్తుంది. మొక్కుకున్నవాళ్ళు వేషాలు కడతారు. రాముడు, హనుమంతుడు, బిచ్చగాడు, ఎవరి మొక్కు వారిది. మా ఇంట్లో ఆ ఏడాది నాన్న పులివేషం కట్టాలని నానమ్మ మొక్కుకుంది. ఎన్నికల్లో గెలిచినందుకని నాకు చెప్పారు, నేనూ నమ్మాను. మొక్కు వేషానికి మా వాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. రంగు వేసింది మొదలు అమ్మవారి ముందు దండం పెట్టి కడిగేసేదాకా వేషగాడు మాట్లాడకూడదు. ఇంట్లోవాళ్ళు అతన్ని నాన్నా, అన్నా అంటూ వరస పెట్టి పిలవకూడదు. పిలిస్తే మొక్కు చెడిపోతుంది, మళ్ళీ యాత్రకు మళ్ళీ కట్టాలి.

పొద్దున్నే పెరట్లో నాన్నను రెండు కర్రలకు చేతులానించి నిలబెట్టి ఒంటికి పసుపుపచ్చ రంగు పూశారు, దాని మీద నల్లచారలు గీశారు. మొహానికి అట్టతో చేసిన పులితల. నడుముకు వెదురు పెట్టి కుట్టిన తోక. డప్పు మొదలవగానే ఆ మనిషి మా నాన్న కాకుండా పోయాడు. వీధి వీధికీ తిరిగాడు. తెలుగువాళ్ళ గుమ్మాల్లో కాళ్ళ మీద పసుపునీళ్ళు పోశారు, ఒడియావాళ్ళ గుమ్మాల్లోనూ పోశారు. ఎవరికీ పులి ఎవరో తెలియదు. నేను రాజత్త చెయ్యి పట్టుకుని, ఎవరో పిల్లల్లాగ వెనకే నడుస్తున్నాను. ఎండకు రంగు చెమటలో కరిగి ఆయన మడమల దగ్గర పచ్చగా కారుతోంది.

సుందరమ్మగారి గుమ్మం వచ్చింది. లోపల పెట్టెలు సర్ది ఉన్నాయి. మూడు తరగతులకు ఇద్దరు పంతులమ్మలు అక్కర్లేదని ఆవిడను పొమ్మన్నారు. ఆవిడ చెంబుతో నీళ్ళు తెచ్చి పులి కాళ్ళ మీద పోసి, కళ్ళకద్దుకుంది. పక్కింటావిడ, "ఎప్పుడు పయనం?" అని అడిగింది.

"రేపే. మన మెంబరుగారికి కటకంలో కుర్సీ దొరికింది, నాకు ఇచ్ఛాపురానికి బండి దొరికింది" అంది సుందరమ్మగారు.

అక్కడున్నవాళ్ళు నవ్వారు. డప్పువాడు కూడా నవ్వాడు. పులి కదల్లేదు. రెండు కాళ్ళూ నీళ్ళలో పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. అట్ట మొహానికి గీసిన నవ్వు, కోరలు. దాని వెనక ఏముందో నాకు కనబడదు. ఆ తెగింపు నాకు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, రాజత్త చెయ్యి విదిలించుకుని ముందుకు వెళ్ళి గట్టిగా అన్నాను.

"నాన్నా, ఇక్కడైనా మాటాడు."

డప్పు ఆగిపోయింది. సుందరమ్మగారి చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. రాజత్త నన్ను వెనక్కి లాగి నోరు మూసింది, కానీ అనవలసింది అనేశాను. పులి కొంతసేపు నా వంక చూసి, ఆవిడకు రెండు చేతులూ జోడించి, తిరిగి ఇంటివైపు నడిచింది. తోక నేలకు రాసుకుంటూ పోయింది.

నానమ్మ నన్ను కొట్టలేదు. "మొక్కు సెడిపోనాది. ఇంక ఏటి గతి" అని స్తంభానికి ఆనుకుని కూర్చుంది. ఒక్క గెలుపు మొక్కుకు ఇంతలా వణికిపోవడం ఏమిటో నాకు అర్థం కాలేదు. నన్ను దగ్గరకు లాక్కుని ఒళ్ళంతా తడిమి చూసింది, నుదురు వేడిగా ఉందా అని చూసింది. సాయంత్రానికి బజారులో కొత్తపేరు పుట్టింది, ఓట్ల పులి. జనం జాలి కోసం వేషం కట్టి, కూతురి చేత పేరు బయటపెట్టించాడని అన్నారు. నాన్న కొబ్బరినూనెతో రంగు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. చెవుల వెనక ఇంకా పచ్చగా ఉంది. నన్ను తిడతాడని చూశాను. తిడితే బాగుండేది. "పెరుగు ఎయ్యి" అని అమ్మతో అన్నాడు.

మూడో తరగతి అయ్యాక నన్ను ఒడియా బడిలో చేర్చింది కూడా నాన్నే, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి. గుమ్మం చేరగానే ఆ చెయ్యి విదిలించుకున్నాను. రెండేళ్ళకు మళ్ళీ యాత్ర వచ్చింది. అప్పటికి యుద్ధం వచ్చి మంత్రులు దిగిపోయారు, సభలు లేవు, అరుగు ఖాళీ అయిపోయింది. నాన్న మళ్ళీ పులివేషం కట్టాడు. గెలుపు పోయాక గెలుపు మొక్కు ఎందుకని ఊరంతా నవ్వింది. మంచి ఎండలో, అన్ని వీధులూ తిరిగి, అమ్మవారి ముందు దండం పెట్టి వచ్చాడు. నేను ఆ రోజు ఇంట్లోంచి బయటకు రాలేదు. యుద్ధం అయ్యాక ఎన్నికలొస్తే పార్టీవాళ్ళు టిక్కెట్టు ఇవ్వలేదు. ఒంటరిగా నిలబడితే తెలుగువాళ్ళూ వెయ్యలేదు, ఒడియావాళ్ళూ వెయ్యలేదు. మళ్ళీ కొట్లో కూర్చుని చీరలు మడతపెట్టుకుంటూ పోయాడు. నేను తెలుగు సొంతంగా చదువుకుని, పట్టుదలగా తెలుగులోనే రాసి, ఏదో పేరు తెచ్చుకున్నాను. ఆ బడి గురించి ఒక వ్యాసం రాశాను. దాంట్లో నాన్నను మూగ మెంబరు అన్నాను. చదివినవాళ్ళు ఆ మాటకే ఎక్కువ మెచ్చుకున్నారు. తర్వాత పుస్తకంలో కూడా వేశాను. నాన్న అప్పటికి పోయాడు, అది ఒక్కటి నయం అనుకుంటాను, కాదేమో అనీ అనుకుంటాను.

ఆ జిరాక్సు కాగితం చూశాక ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. రైలెక్కి బరంపురం వెళ్ళాను. ఆ రోజుల మనిషి అక్కడ రాజత్త ఒక్కతే మిగిలింది. ఊరు మారిపోయింది. మా కొట్టు ఉన్న చోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. బడి ఉన్నచోట పెళ్ళిమండపం. బోర్డుల మీద తెలుగు వెతుక్కోవాలి. కానీ బేరాలు మాత్రం మునుపటిలాగే రెండు భాషల్లోనూ సాగుతున్నాయి, ఎవరూ దానికి గింజుకోవడం లేదు. మేము అంత కొట్టుకుచచ్చిన తగువు ఎవరి కోసమో, ఎవరు గెలిచారో నాకు తెలియలేదు. రాజత్త మనవరాలు నాకు ఒడియాలో కుశలం అడిగి, తెలుగులో కాఫీ ఇచ్చింది.

రాజత్త మంచం మీద కూర్చుని తమలపాకు దంచుకుంటోంది. పళ్ళు లేవు, చెవులు బాగానే వినిపిస్తాయి. కాగితంలో ఉన్నది చదివి వినిపించి అడిగాను. "అత్తా, ఆ రోజు నాన్న సభకు వెళ్ళలేదట. ఎక్కడున్నాడు?"

దంచడం ఆపలేదు. "ఎక్కడుంటాడు? నీ మంచం కాడున్నాడు."

అత్త తీరిగ్గా చెప్పుకుపోయింది. "నీకు కళ్ళు మూసుకుపోనాయి, ఇంక బతకవనుకున్నాం. మీ నానమ్మ కటకానికి మనిసిని పంపింది. మీ నాన్న ఛత్రపురంలో రైలు దిగిపోయి, బండిలో గోనెల కింద పడుకుని ఒచ్చినాడు, ఎవులికీ కనబడకుండా. తొమ్మిది రోజులు, నీ కళ్ళు తెరుసుకునే ముందురోజు దాకా, ఆ గది ఇడిసి రాలేదు. కటకంలో నీ బడి సంగతి ఆ రోజుల్లోనే ఒచ్చింది. ఎల్లమని మీ అమ్మ కాళ్ళట్టుకుంది. ఎల్లలేదు. ఆ పులి మొక్కు మీ నానమ్మ నీ కోసమే మొక్కింది, ఎన్నికలకేటి."

"మరి ఎందుకు దాచారు?"

"దాసక ఏటి సేస్తాడు? ఊరందరికీ టీకాలని సెప్పిన మెంబరు. సొంత కూతురికి టీకా లేదు, అమ్మవారు పోస్తే దాసేసినాడు. తెలిస్తే పరువుంటాదా? అదీ ఉంది. లేదని నానెందుకంటాను." చిన్న రోకలి పక్కన పెట్టి నా వంక చూసింది. "కానీ అది మొదట్లో మాట. తరవాత సెప్పీయొచ్చు కదా, ఓడిపోనాక సెప్పీయొచ్చు కదా అని నానూ అడిగినాను. ఒద్దన్నాడు. తన కోసం నాను ఎల్లలేదని, తన మూలంగానే బడి పోనాదని సిట్టికి తెలిస్తే అది ఇంక పలక ముట్టదు, ఆ మాటేదో నానే పడతాను అన్నాడు. నా సేత ఒట్టేయించుకున్నాడు. నువ్వు పుస్తకంలో రాసినావని మా మనవరాలు సదివి ఇనిపిస్తే కూడా నోరిప్పకుండా ఒల్లకున్నాను."

వెళ్ళి ఉంటే మాట్లాడేవాడా అని అడిగాను. ఆ ప్రశ్న ఎందుకు అడిగానో ఇప్పటికీ సిగ్గుగా ఉంది. రాజత్త మళ్ళీ రోకలి అందుకుంది.

"నాకేటి తెలుసు? ఆడికే తెలీదు. బయపడీవోడు, బండెక్కిన రోజు కూడా బయపడీవోడు" అంది.

నేను అత్త మంచం పట్టె పట్టుకుని ఏడ్చాను. డెబ్బై దాటిన మనిషిని, తొమ్మిదేళ్ళ పిల్లలా ఏడ్చాను. మనవరాలు భయపడి నీళ్ళు తెచ్చింది. ఇన్నేళ్ళు మోసిన కోపం ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు, నానమ్మ మీదా, ఆ రోగం మీదా, బతికి బట్టకట్టిన నా మీదా? ఏదీ పూర్తిగా కుదరడం లేదు. నాన్న మంచివాడని రాస్తే పరువు దాచుకున్న సంగతి అడ్డం వస్తుంది, పిరికివాడని రాస్తే ఆ తొమ్మిది రోజులు అడ్డం వస్తాయి. నాకు తెలిసినది ఒకటే. నాకోసం మా నాన్న ఊరందరి చేతా మాట పడ్డాడు. వాళ్ళందరూ పోయారు, వాళ్ళ మాటలూ పోయాయి. నేను అన్న మాట ఒక్కటే ఇంకా అచ్చులో ఉంది.